ట్రాక్టరు నమ్మిన దీపం

మా పంచాయతీ నీళ్ల ట్యాంకరుకు వెనక దీపాలు వెలగడం లేదని కొత్త ట్రాక్టరు చెప్పింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎర్రగా, ఎడమదీ కుడిదీ రెండూ. ఊరంతా చూసింది. కానీ ఊరు చెప్పేది ఆఫీసుకు చేరదు, ట్రాక్టరు చెప్పేది చేరుతుంది.

ఆ ట్రాక్టరు ఏప్రిల్ మూడో తేదీన మా ఊరికి వచ్చింది. స్టీరింగు పక్కన అరచేతంత తెర ఉంది. దాని మీద ఏది కనపడితే అదే క్షణంలో మండల ఆఫీసు కంప్యూటరులో కూడా కనపడుతుందట. అంతా సవ్యంగా ఉంటే మా బండి అక్కడ పచ్చ చుక్క. లోపముంటే ఎర్ర చుక్క. పచ్చ చుక్క రామన్నపాలెం చెరువు దగ్గరికి వెళ్తే, అక్కడ నీళ్లు పట్టే ఆయన ఫోనుకు స్లిప్పు వస్తుంది. ఎర్ర చుక్క వెళ్తే రాదు. స్లిప్పు రానిదే ఆయన పైపు విప్పడు.

మా నాన్న మాలకొండయ్య ఆ బండికి డ్రైవరు. నాన్నకు తెలుగు వచ్చు, ట్రాక్టరుకు ఇంగ్లీషు ఒక్కటే వచ్చు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను కాబట్టి ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టారు.

"ఏమంటదమ్మా అది?" అని అడిగాడు నాన్న.

"ఎడమ దీపం లేదంట. కుడి దీపం లేదంట."

నాన్న దిగి వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు. "రెండూ ఉండాయి. రెండూ వెలగతా ఉండాయి. ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివాను. ఇంకోసారి కూడా లేవు.

ఆ రోజు బండి ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చింది.

మా ఊళ్లో బోర్లు ఉన్నాయి. ఆ నీళ్లు బట్టలు ఉతకడానికి పనికొస్తాయి. కాచిన గిన్నె అడుగున సున్నం వేసినట్టు తెల్లటి పొర వదులుతాయి. ముప్పై ఏళ్లు తాగినవాళ్లు కూర్చున్నచోటి నుంచి ఒకరు చెయ్యి ఇస్తేగానీ లేవలేరు. ఊరి నీళ్ల ప్లాంటు రెండేళ్ల కిందట మూతపడింది. అందుకని తాగే నీళ్లకు ట్యాంకరు ఒక్కటే దిక్కు. మా వీధి గుట్ట వైపు చివర, పందొమ్మిది ఇళ్లు. మా ఎదురింట్లో ఓబులమ్మత్త కూతురు ఈశ్వరి వదిన పురిటికి వచ్చి ఉంది. మార్చి ముప్పైన ఆడపిల్ల పుట్టింది. బాలింతకు బోరు నీళ్లు చుక్క కూడా తాపొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పి వెళ్లింది. మరి ఏ నీళ్లు తాపాలో అంత గట్టిగా చెప్పలేదు.

మరునాడు పంచాయతీ కార్యదర్శి హైమావతి మేడం వచ్చింది. దీపాల ముందు వంగి చూసి, "వెలుగుతున్నాయి," అని ఒప్పుకుంది. చేతిలో ఫోను చూసి, "ఇక్కడ వెలగట్లేదు," అని బాధపడింది.

"కంటికి కనపడతా ఉంటే ఇంక ఫోను ఎందుకు మేడం?" అన్నాడు నాన్న.

"నా కంటికి ఆఫీసుతో కనెక్షన్ లేదు కదా మాలకొండయ్యా."

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే విచారంగా అంది. వెంటనే మండల ఇంజినీరు ఏఈ సుదర్శనరావు గారికి ఫోను చేసింది.

ఏఈ గారు అయిదో తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చారు. ఎండ మండుతోంది. దీపాల తనిఖీ చీకట్లో చెయ్యాలని ఒక నియమం, పనివేళల్లో చెయ్యాలని ఇంకో నియమం ఉన్నాయట. ఆయన రెండింటినీ గౌరవించే మనిషి. అందుకని ఓబులమ్మత్త ఇంట్లోంచి గొంగడి తెప్పించి, ఎడమ దీపాన్నీ తననూ కలిపి కప్పించుకున్నారు.

"ఆన్ చెయ్యండి," అని గొంగట్లోంచి వినపడింది. నాన్న ఆన్ చేశాడు. "ఆఫ్ చెయ్యండి." చేశాడు. "మళ్లీ ఆన్."

అలా ఏడుసార్లు అయ్యాక ఏఈ గారు చెమటతో తడిసి బయటికి వచ్చారు. కళ్లద్దాలు తుడుచుకుని, నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా చెప్పారు.

"ప్రాథమిక పరిశీలనలో వెలుతురు ఉన్నట్లు గమనించడమైనది. దీపం ఉన్నట్లు మాత్రం ధ్రువపడలేదు."

"దీపం లేకుండా వెలుతురు ఎట్టా వచ్చె సారూ?" అంది ఓబులమ్మత్త గొంగడి మడతపెడుతూ.

"అది మా పరిధిలోకి రాదమ్మా."

"అట్టయితే పైన సూర్యుడుండాడని మీకు ఎవురన్నా రాసిచ్చారా?"

"ఆయన మా శాఖ కాదు," అన్నారు ఏఈ గారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోయినేడు దాకా ట్యాంకరుకు పాత బలుబులే ఉండేవి. కరెంటు ఎక్కువ తింటున్నాయని, తీసేసి ఎల్ఈడీలు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. పెట్టారు. ఈ ఏడు కొత్త ట్రాక్టరు కొనాలని ఉత్తర్వు వచ్చింది. కొన్నారు. రెండు కాగితాలూ కార్యదర్శి మేడం బల్ల మీద చూశాను. రెండింటి కిందా ఒకే సంతకం ఉంది.

బండి కదలని ఆ రోజుల్లో వీధి వీధంతా పక్క ఊరికి బిందెలతో ఆటోలో వెళ్లి వచ్చింది. వాళ్ల నీళ్లు వాళ్లకే చాలవు. మనిషికి ఒక్క బిందె అని గీత గీశారు. నాన్న ఇంటి ముందు కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు ఒక మాట విసిరి పోయేవాళ్లు. "దీపాలాయన బాగుండాడా?" అనేవాళ్లు.

ఏడో తేదీన నాన్న కూడలిలో మోటారు బండ్ల కరెంటు పని చేసే జిలానీ మామను తీసుకొచ్చాడు. జిలానీ మామ తెర వైపు చూడనైనా చూడలేదు. ట్యాంకరు కింద దూరి పడుకున్నాడు.

"ముందు ఎర్తు చూడాల. సగం జబ్బులు ఎర్తువే."

ట్రాక్టరునూ ట్యాంకరునూ కలిపే కొక్కెం దగ్గర బోల్టు విప్పి, దాని కింద పెయింటును ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. ప్లగ్గు పిన్నులకు పట్టిన పచ్చ చిలుమును పాత పళ్ల బ్రష్షుతో తోమాడు. రెండు వైర్లు తగిలించిన చిన్న బలుబును ఒక్కొక్క పిన్నుకూ ఆనించి చూశాడు. దీపాలు మునుపటికంటే ఎర్రగా వెలిగాయి. నేను తెర చదివాను. ఎడమ దీపం లేదు, కుడి దీపం లేదు.

తర్వాత ట్యాంకరును విప్పించి ఓబులమ్మత్త భర్త చెన్నయ్య మామ పాత ట్రాక్టరుకు తగిలించి చూశాడు. ఆ ట్రాక్టరు వయసు నాకంటే ఎక్కువ. దానికి తెర లేదు. దీపాలు చక్కగా వెలిగాయి, ఎవరూ ఏమీ అనలేదు.

జిలానీ మామ లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ట్యాంకరుకు ఏం రోగం లేదన్నా. రోగం నీ కొత్తదానికే. అది కళ్లతో చూడదు. ఎంత కరెంటు తాగుతుండాయో చూస్తది. పాత బలుబు చెంబెడు తాగేది. ఈ ఎల్ఈడీ ఒక్క గుక్క తాగి మూతి తుడుచుకుంటది. ఇంత తక్కువ తాగేది దీపం ఎట్టయితది, దీపం మాడిపోయిందిలే అనుకుంటది."

"మరి దానికి ఎట్టా చెప్పేది?"

"చెంబెడు తాగేదాన్ని పక్కన కూర్చోబెట్టాల."

ఖాళీ పెయింటు డబ్బాలో రెండు పాత బలుబులు బిగించాడు. ఎడమ ఎల్ఈడీ వైరుకు ఒకటి, కుడి దానికి ఒకటి జతచేశాడు. డబ్బాకు మూత వేసి, ట్యాంకరు కింద ముందు వైపు కట్టాడు. నాన్న ఆన్ చేశాడు. తెర ఒక నిమిషం ఆలోచించింది.

"ఎడమ దీపం ఉంది," అని చదివాను. "కుడి దీపం ఉంది."

ఎవరికీ కనపడకుండా డబ్బాలో రెండు బలుబులు వెలుగుతున్నాయి కాబట్టి, అందరికీ కనపడేవి కూడా వెలుగుతున్నాయని ట్రాక్టరు ఒప్పుకుంది. ఆ సాయంత్రమే మా వీధికి నీళ్లొచ్చాయి. మొదటి రెండు బిందెలు ఈశ్వరి వదినకు పట్టారు. మూడు రోజులు బాగా గడిచాయి.

పదకొండో తేదీన ఏఈ గారు మళ్లీ వచ్చారు. లోపం వచ్చినందుకు కాదు, పోయినందుకు. ఎర్ర చుక్క పచ్చగా ఎందుకు మారిందో కారణం ఫైలులో లేదట. ట్యాంకరు చుట్టూ రెండుసార్లు తిరిగి, డబ్బా చూసి, దాని మీద చెయ్యి పెట్టి, గబుక్కున తీసి వేళ్లు ఊదుకున్నారు.

"ఇందులో ఏముంది?"

మా నాన్నకు అబద్ధం నోటికి రాదు. "దీపాలు సార్."

"మరి వెనకవి?"

"అవీ దీపాలే సార్. ఇయ్యి ట్రాక్టరుకు, అయ్యి మనుషులకు."

 ఏఈ గారు డబ్బా విప్పరాదని, మూత తీయరాదని, తదుపరి ఉత్తర్వుల వరకు బండి కదలరాదని రాసి వెళ్లారు.

పదహారో తేదీన ఒంగోలు నుంచి ఏఈ గారి పైఅధికారి, డీఈ పరంధామం గారు జీపులో దిగారు. ఏఈ గారు ఫైలు పట్టుకుని పక్కన నిలబడి విషయం వివరించారు.

"సార్, నిబంధన ప్రకారం యంత్రం గుర్తించినదే దీపం. యంత్రం గుర్తించినది డబ్బాలో ఉంది. కాబట్టి డబ్బాలోనిదే దీపం. వెనకవి అలంకారం కింద వస్తాయి."

"కరెక్ట్," అన్నారు డీఈ గారు.

"కానీ సార్, దీపం వెనక నుంచి నూట యాభై మీటర్లకు కనపడాలి. ఇది డబ్బాలో ఉంది."

"డబ్బాకు చిల్లు పెట్టండి."

"పెడితే వెలుతురు బయటికొస్తుంది సార్. వెలుతురిచ్చే పాత బలుబు నిషేధం."

"అందులో కూడా ఎల్ఈడీ పెట్టండి."

"పెడితే యంత్రం గుర్తించదు సార్."

డీఈ గారు కళ్లు మూసుకున్నారు. ఓబులమ్మత్త ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాళ్ల వెనకే నిలబడి ఉంది. ఆమెకు ఇందులో ఏది తెమిలినా ఫరవాలేదు, తెమిలితే చాలు.

డీఈ గారు కళ్లు తెరిచేసరికి ముఖం వెలిగిపోయింది. "సుదర్శనరావ్! నిషేధం దేని మీద? వెలుతురిచ్చే పాత బలుబు మీద. ఇది ఎవరికైనా వెలుతురిస్తోందా?"

"లేదు సార్."

"అయితే ఇది బలుబే కాదు! వినియోగ పరికరం! వెనకవి కనపడటానికి, ఇవి నమోదు కావడానికి. రాసుకో. ఇది మండలానికే కాదు, జిల్లాకే మార్గదర్శకం."

జిలానీ మామ పెయింటు డబ్బాకు ఆ విధంగా 'గుర్తింపు పేటిక' అని పేరొచ్చింది. దాని మీద తెల్ల రంగుతో నంబరు రాశారు. డీఈ గారు పూలదండ వేసి ఫొటో దిగారు. దండ అయిదు నిమిషాల్లో వాడిపోయింది, డబ్బా అంత వేడిగా ఉంది. అన్ని ట్యాంకర్లకూ ఇలాంటి పేటికలే పెట్టాలని, వాటిలోంచి రవ్వంత వెలుతురు కూడా బయటికి రాకూడదని జిల్లా అంతటికీ ఉత్తర్వు వెళ్లింది. మూత తీస్తే వెలుతురు బయటికొస్తుంది కాబట్టి, లోపల వెలుగుతోందో లేదో డ్రైవరు అరగంటకోసారి చేత్తో తాకి తెలుసుకోవాలి. తాకినట్టు పుస్తకంలో రాయాలి. నాన్న తాకేవాడు, నేను రాసేదాన్ని. వారం తిరగకుండా నాన్న కుడిచేతి వేళ్లు బొబ్బలెక్కాయి. ఎడమ చేత్తో తాకవచ్చా అని రాసి అడిగాం. విషయం పరిశీలనలో ఉందన్నారు.

అయినా నీళ్లు వస్తున్నాయి. అందుకని ఎవరూ ఏమీ అనలేదు.

ఇరవై ఒకటిన ట్యాంకరు మెట్ట దిగుతుంటే దాని పైమూత సందులోంచి నీళ్లు తొణికి డబ్బా మీద పడి లోపలికి కారాయి. కాలుతున్న బలుబు ఠప్పుమని పగిలింది. ఎర్ర చుక్క. జిలానీ మామ వచ్చి కొత్త బలుబు వేశాడు. డబ్బా మీద రబ్బరు ముక్క కప్పితే సరిపోతుందన్నాడు. కానీ అప్పటికే అది జిలానీ మామ డబ్బా కాదు. ప్రమాదంపై విచారణ జరిగింది. ఇరవై మూడున ఉత్తర్వు వచ్చింది. కార్యదర్శి మేడం మా ఇంటి ముందు నిలబడి చదివింది.

"గుర్తింపు పేటికకు ప్రమాదం నీటి వల్ల సంభవించినట్లు నిర్ధారణ అయినందున, పేటిక భద్రత దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు ట్యాంకర్లను నీరు లేకుండా నడపవలెను."

"నీళ్లు లేకుండా నడిపేదానికి ఎందుకు నడపాల మేడం?" అన్నాడు నాన్న.

"నడపకపోతే ట్రిప్పులు పడవు. రోజుకు నాలుగు ట్రిప్పులు పడాలి."

నాన్న నడిపాడు. పొద్దున రెండు, సాయంత్రం రెండు. పచ్చ చుక్క చెరువు దగ్గరికి వెళ్లేది. అక్కడాయన ఫోనుకు స్లిప్పు వచ్చేది. ఆయన పైపు విప్పకుండా సంతకం పెట్టేవాడు. నాన్న డబ్బాను తాకి, ఖాళీ ట్యాంకరును దడదడలాడించుకుంటూ ఊళ్లోకి తిరిగి వచ్చేవాడు. స్లిప్పు వచ్చింది కాబట్టి మాకు నీళ్లు అందినట్టే. నెలాఖరుకు లెక్క చూస్తే మా ఊరు మండలంలోనే మొదటి స్థానంలో ఉంది.

అందినట్టు ఇంటింటా సంతకాలు తీసుకోవడానికి మేడం రిజిస్టరుతో, ఏఈ గారిని వెంటబెట్టుకుని మా వీధికి వచ్చింది. ఓబులమ్మత్త రిజిస్టరు అందుకుని తలకిందులు చేసి దులిపింది.

"ఏంటమ్మా ఆ పని?" అంది మేడం.

"నీళ్లు ఇందులోనన్నా పడతాయేమోనని చూస్తుండా." మా నాన్న వైపు తిరిగింది. "ఏందన్నా ఇది? పొద్దుగూకులూ నా వాకిట్లో బండి తిప్పుతుండావు. ఆ దీపాలు గ్లాసులో పోసుకోని తాగమంటావా నా బిడ్డని?"

నాన్న తల వంచుకున్నాడు. అప్పటికి నాలుగు రోజులుగా సీటు కింద ఒక క్యాను పెట్టుకుని చెరువు దగ్గర పట్టుకొచ్చి, ఈశ్వరి వదినకు ఇస్తున్నాడు. ఓబులమ్మత్తకు ఆ సంగతి తెలుసు. కోపం తన మీద కాదని నాన్నకూ తెలుసు. కానీ 'సీటు కింద క్యాను తెస్తానే ఉండా గదమ్మా' అని రిజిస్టరు ముందే నాన్న నోట్లోంచి వచ్చేసింది, మేడం విన్నది. ఆమె విననట్టే ఉండాలని చూసింది. ఆమెతో వచ్చిన ఏఈ గారు విన్నారు.

ఏప్రిల్ ముప్పైన నాన్నకు మెమో వచ్చింది. నీటిని గుర్తింపు పేటికకు రెండు మీటర్ల లోపుకు తెచ్చి దాని భద్రతకు భంగం కలిగించినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో పదిరోజుల్లో చెప్పాలని ఉంది.

మరుసటి రోజు నుంచి క్యాను లేదు. పక్క ఊరివాళ్లు కూడా ఇక నీళ్లు ఇవ్వలేమన్నారు. మే రెండున ఈశ్వరి వదిన దాహానికి ఆగలేక బోరు నీళ్లు తాగింది. ఓబులమ్మత్త అరవలేదు. వాకిట్లో చతికిలబడి, ఖాళీ బిందెను బోర్లించి దాని మీద తల పెట్టుకుంది. ఆమె అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం జిలానీ మామ డబ్బాలో బలుబు మార్చడానికి వచ్చాడు. డబ్బా విప్పి కింద పెట్టాడు, వైర్లు మాత్రం ట్రాక్టరు ప్లగ్గుకే ఉన్నాయి. నాకు పదిమందిలో గొంతు పెగలదు. అక్కడ ఇద్దరే ఉన్నారు కాబట్టి అడిగాను.

"మామా, వెనక ట్యాంకరు ఉందో లేదో ట్రాక్టరుకు తెలుస్తుందా?"

"దానికెట్టా తెలుస్తది పాపా? దానికి ఈ బలుబులు ఒక్కటే తెలుసు."

అని నవ్వబోయి ఆగిపోయాడు. నాన్న వైపు చూశాడు. నాన్న డబ్బా వైపు చూశాడు. తర్వాత ముగ్గురం చెన్నయ్య మామ ఇంటి పక్కన నిలబెట్టి ఉన్న పాత ట్రాక్టరు వైపు చూశాం.

గంటలో ట్యాంకరును కొత్త ట్రాక్టరు నుంచి విప్పి పాతదానికి తగిలించారు. కొత్త ట్రాక్టరు వెనక కొక్కేనికి డబ్బాను వేలాడదీసి, దాని ప్లగ్గు పెట్టారు. నేను తెర చదివాను. ఎడమ దీపం ఉంది. కుడి దీపం ఉంది. పచ్చ.

ముందు నాన్న కొత్త ట్రాక్టరు మీద, వెనక డబ్బా. దాని వెనక చెన్నయ్య మామ పాత ట్రాక్టరు మీద, వెనక ట్యాంకరు, దానికి రెండు ఎల్ఈడీ దీపాలు చక్కగా వెలుగుతూ. అలా రామన్నపాలెం వెళ్లాం. దారి పక్క మిరప కల్లాల్లో పని చేసేవాళ్లు ఏదో దేవుడి ఊరేగింపనుకుని లేచి నిలబడ్డారు.

చెరువు దగ్గరాయన ఫోనుకు స్లిప్పు వచ్చింది. ఆయన మా రెండు బండ్లనూ మార్చి మార్చి చూశాడు.

"మాలకొండయ్యా, నీళ్లు ట్యాంకరులో పొయ్యకూడదని గదా ఆర్డరు?"

"పేటికకు నీళ్లు తగలకూడదని గదన్నా ఆర్డరు. తగలవు. పేటిక ఆడుంది, ట్యాంకరు ఈడుంది. నీ స్లిప్పు చూడు, ఎందులో పొయ్యాలో రాసుందా?"

ఆయన స్లిప్పు రెండుసార్లు చదివాడు. "లేదు," అన్నాడు. పైపు విప్పాడు.

మా నాన్న ఏ ఒక్క ఉత్తర్వునూ మీరలేదు. ట్యాంకరుకు ఎల్ఈడీలు ఉన్నాయి. పేటిక పొడిగా ఉంది, నాన్న నడిపే బండి వెనక నీళ్లు లేవు. అరగంటకోసారి ఆగి తాకుతున్నాడు కూడా. ఒక ట్యాంకరు నీళ్లకు రెండు ట్రాక్టర్లు, ఒకటి నీళ్ల కోసం, ఒకటి నమోదు కోసం. డీజిలు చెన్నయ్య మామ ట్రాక్టరుకు వీధివాళ్లు వంతులు వేసుకుని పోశారు. మెమోకు జవాబు నేను రాసిపెట్టాను. 'ఇప్పుడు పేటికకు రెండు మీటర్ల లోపు నీరు లేదు' అని ఒక్క వాక్యం. దాన్ని సంతృప్తికరంగా ఉన్నట్టు ఆమోదించారు.

మే పన్నెండున ఏఈ గారు దారిలో కొత్త ట్రాక్టరును చూశారు. చెన్నయ్య మామ బండి టైరు పంక్చరై వెనక ఆగిపోయింది. ఏఈ గారికి కనపడింది ముందు వెళ్తున్న ట్రాక్టరూ, దాని వెనక ఊగుతున్న డబ్బా మాత్రమే. ఫోనులో పచ్చ చుక్క. లెక్కలో నీళ్లు అందుతున్నాయి. ఊళ్లో ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి. ఆయన తొందరపడి ఆపలేదు, అడగలేదు. ఆఫీసుకు వెళ్లి నివేదిక రాశారు. మా గ్రామంలో ట్యాంకరు వినియోగించకుండానే, కేవలం గుర్తింపు పేటిక సహాయంతో, పూర్తిస్థాయిలో తాగునీరు సరఫరా అవుతున్నట్లు అందులో ఉంది. డీఈ గారు దాన్ని ఒంగోలు సమావేశంలో చదివి వినిపించారట. ఏఈ గారికి శాలువా కప్పారట.

తర్వాత వచ్చే ఉత్తర్వు ఏమిటో ఈపాటికి ఎవరైనా ఊహించగలరు. ట్యాంకర్లు అనవసరమని తేలినందున వాటిని స్వాధీనం చేసుకోవలెను. మొదట మా ఊరిది.

మే ఇరవై రెండున, మళ్లీ మధ్యాహ్నమే, ఏఈ గారు కాగితాల సంచితో మా వీధికి వచ్చారు. చెన్నయ్య మామ ట్రాక్టరు వీధి మొదట్లో ఆగి ఉంది. ట్యాంకరు నుంచి పైపు ఓబులమ్మత్త వాకిట్లోకి పాకింది. ఆడవాళ్లు బిందెలతో వరసగా నిలబడ్డారు. ఈశ్వరి వదిన గడపలో కూర్చుని పిల్లను ఒళ్లో ఊపుతోంది. నడిచి వచ్చిన ఏఈ గారికి ముచ్చెమటలు పోశాయి. వీధిలో నీడ ఒక్కటే చోట ఉంది. అక్కడ ఆనుకుని నిలబడి సంచి తెరిచారు.

"ట్యాంకరు ఎక్కడుంది?"

 నాన్న ఒక్కడే మాట్లాడాడు. ముందే చెప్పాను, ఆయనకు అబద్ధం రాదు.

"మీరు ఆనుకోని ఉండేది అదే సార్."

ఏఈ గారు కాలినట్టు ముందుకు దూకారు. వెనక్కి తిరిగి చూశారు. ట్యాంకరు, పైపు, నీళ్లు, బిందెలు, పాత ట్రాక్టరు, దాని ముందు కొత్త ట్రాక్టరు, వెనక డబ్బా. ఒక్కొక్కటి చూస్తుంటే ఆయనకు ఒక్కొక్కటి అర్థమవుతున్నట్టు ముఖం మారింది.

"తీసకపోండి సారూ," అంది ఓబులమ్మత్త.  "నా బిడ్డ బిందె నిండినాక తీసకపోండి."

ఏఈ గారు సంచిలోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి ట్యాంకరును స్వాధీనం చేసుకోమనేది. రెండోది ఆయన రాసిన నివేదిక నకలు, శాలువా తెచ్చిపెట్టినది అదే. ఈ ట్యాంకరును నీళ్లతో సహా ఇక్కడ పట్టుకుంటే ఆ నివేదిక అబద్ధమవుతుంది. రెంటినీ చెరో చేతిలో పట్టుకుని ఎండలో నిలబడిపోయారు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. బిందెలోకి నీళ్లు పడుతూనే ఉన్నాయి.

చివరికి ఆయన నా వైపు తిరిగారు. "పాపా, నువ్వే కదా తెర చదివేది? ఏముందో చదువు. పైకి చదువు."

వీధంతా నా వైపు చూసింది.  ట్రాక్టరు ఎక్కి, ఎప్పుడూ లేనంత గట్టిగా చదివాను.

"ఎడమ దీపం ఉంది. కుడి దీపం ఉంది."

"ట్యాంకరు?"

"ట్యాంకరు సంగతి ఇందులో ఏమీ లేదు సార్."

ఏఈ గారు గట్టిగా ఊపిరి వదిలారు. కాగితాలు పెట్టుకోవడానికి చదునుగా ఇంకేదీ దొరకక ట్యాంకరు మడ్‌గార్డు మీదే పెట్టుకుని రాశారు. రాసింది గొంతు సవరించుకుని చదివారు.

"క్షేత్రస్థాయిలో క్షుణ్ణంగా పరిశీలించగా, ఈ గ్రామంలో ట్యాంకరు ఏదీ లేనట్లు ధ్రువపడినది. కావున స్వాధీనం చేసుకొనుటకు వీలుపడలేదు."

సాక్షిగా నాన్నను సంతకం పెట్టమన్నారు. నాన్న కలం పట్టుకుని ట్యాంకరు వైపు చూశాడు, ఈశ్వరి వదిన వైపు చూశాడు. మొదటిసారి ఆయన చేత్తో అబద్ధం రాశాడు.

ఏఈ గారు కాగితం మడిచి సంచిలో పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు లేకపోతే ఆయన ముఖం మామూలు మనిషి ముఖంలా ఉంది.

"అమ్మా, కాసిని మంచినీళ్లు," అన్నారు.

ఓబులమ్మత్త లోపలికి వెళ్లి చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఖాళీ చెంబు.

"వరసలో రాండి సారూ. ముందు బాలింతది నిండనీ."

ఏఈ గారు పైపు తొక్కకుండా జాగ్రత్తగా దాటి వెళ్లి, చెంబు పట్టుకుని, పందొమ్మిదో బిందె వెనక నిలబడ్డారు.